డార్క్ రూమ్ ట్యూబ్‌లైట్ గారికి

మహారాజశ్రీ ట్యూబ్‌లైట్ గారి దివ్య సముఖమునకు,

కిటికీలకు నల్ల చార్టులు అంటించి, తలుపు సందుల్లో పాత దుప్పటి కుక్కి, ఎర్ర బల్బు కింద పీహెచ్‌డీ ఆరో ఏడు వెళ్లదీస్తున్న స్కాలరు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం కాదు. మీరు క్షేమమేనని మొన్న మంగళవారం మధ్యాహ్నం కళ్లారా చూశాను. ధగధగలాడిపోతున్నారు.

ముందు మీ పేరు సంగతి. జోకు చెబితే మర్నాడు నవ్వేవాణ్ణి మనవైపు ట్యూబ్‌లైట్ అంటారు. మీ కులవృత్తి అలాంటిది మరి. స్విచ్చి వేస్తే నాలుగుసార్లు కన్నుగీటి, చోకు జుయ్యిమని మూలిగి, ఇక వెలగదులే అని మేం కుర్చీ ఎక్కాక వెలగడం. మొన్న ఇన్‌స్పెక్షన్ వాళ్లొచ్చి రిజిస్టరు తెరిచి నిలబడితే, సార్ చెమట తుడుచుకుంటూ "వస్తుందండీ, వస్తుంది" అంటుంటే, మీరు మూడు నిమిషాలు మినుకుతూనే ఉన్నారు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఒక్క దెబ్బకు వెలిగిన పాపాన పోలేదు.

అలాంటి మీరు మంగళవారం నాడు ఎవరూ పిలవకుండానే, కరెంటు వచ్చీ రాగానే భళ్లున వెలిగారట. మినుకు లేదు, మూలుగు లేదు. అటెండర్ బాబాయి వరండాలోంచి చూశాడు. "తలుపు కింద తెల్లగా గీత పడిందమ్మా, నువ్వు లోపల రాసుకుంటున్నావేమో అనుకున్నా" అన్నాడు. చీకట్లో పనిచేసే పిల్ల లైటేసుకుని ఏం రాసుకుంటుంది బాబాయ్ అని అడగలేదు. ఆయన్ని ఏమీ అనలేం, నెలలో పదిసార్లు మా నైట్రోజన్ సిలిండరు మెట్ల మీద నుంచి మోసుకొచ్చేది ఆయనే.

జరిగింది మీకు తెలుసు, అయినా చెబుతాను. ఉదయం ఆరింటికి ఎనిమిది సీసాల్లో మా అణువుని 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెట్టి వంచాను. ఇందులో ఉన్నది అజోబెంజీన్. మధ్యలో రెండు నైట్రోజన్లు, చెరోపక్క ఒక బెంజీన్ ఉంగరం. మామూలుగా కాళ్లు చాపుకుని పడుకుంటుంది, అది ట్రాన్స్. అతినీలలోహితం తగిలితే మోకాళ్లు ముడుచుకుంటుంది, అది సిస్. 1937లో హార్ట్‌లీ అనే ఆయన ఈ ముడుచుకున్న రూపాన్ని పట్టుకున్నాడు. నీలం వెలుగు తగిలినా, చీకట్లో ఊరికే వదిలేసినా మెల్లగా మళ్లీ కాళ్లు చాపుతుంది. ఒంటి వేడి దగ్గర, 37 డిగ్రీల్లో, ఎన్ని గంటలకు చాపుతుందన్నదే నేను కొలవాల్సింది. దీన్ని వెలుగుతో నడిచే నొప్పి మందు చేయాలని మా తాపత్రయం, అది తెలియకుండా మందు మాట ఎత్తడానికి లేదు. అందుకే అరగంటకోసారి చుక్క తీసి రీడింగు. టిఫిను లేదు, ఫోను లేదు, బాత్రూముకి వెళ్లినా పరుగే. మూడింటికి 71 శాతం ఇంకా ముడుచుకునే ఉంది. గ్రాఫు కాగితం మీద గీత చూస్తే కళ్లకద్దుకోవాలనిపించింది.

మూడూ అయిదుకి కరెంటు పోయింది. మిషను, వాటర్ బాత్ యూపీఎస్ మీద ఉన్నాయి. ఎర్ర బల్బు లేదు. కటిక చీకటి. ఇంత చీకట్లో సీసాలకి రేకు చుట్టడం దేనికిలే అనుకున్నాను. అది నా తప్పే, రాసిస్తాను, సంతకం కూడా పెడతాను. తడుముకుంటూ బయటికొచ్చి, తలుపు వేసి, క్యాంటీనుకి పోయి రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. నా చదువు మొత్తమ్మీద అవి అత్యంత ఖరీదైన బజ్జీలు.

మూడూ నలభైకి వచ్చేసరికి తలుపు కింద గీత.

71 కాస్తా 24 అయింది. ఉదయం నుంచీ నెమ్మదిగా, మర్యాదగా దిగుతున్న నా గీత, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినట్టు ధబాల్న పడిపోయింది. సార్ ఆ గ్రాఫు చూసి ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు. తిట్టినా బాగుండేది.

తెల్లని వెలుగే కదా, అంత నష్టమేంటి అని అమాయకంగా మొహం పెట్టకండి. మీ లోపలి సంగతి కెమిస్ట్రీ వాళ్లకి చెబుతారా? కడుపులో ఉన్నది పాదరసం ఆవిరి. పుట్టేది 254 నానోమీటర్ల అతినీలలోహితం. గాజుకి లోపల తెల్లటి పూత పూసుకుని పెద్దమనిషిలా వెలుగుతారు. ఆ పూత దాటుకుని కూడా 405 దగ్గరా, 436 దగ్గరా పాదరసం గీతలు బయటికి వస్తూనే ఉంటాయి. సరిగ్గా ఆ 436 నీలం గీత చాలు, ముడుచుకున్న నా అణువుకి కాళ్లు చాపడానికి. మా సీసాలున్న బల్లకి సరిగ్గా నెత్తిమీద మిమ్మల్ని బిగించిన ఎలక్ట్రీషియనుకి కూడా ఒక ఉత్తరం రాయాల్సి ఉంది.

ఇంట్లో వాళ్లకి ఇదంతా చెప్పడం ఇంకో తంటా. "వెలుతురు మీద పరిశోధన అంటావు, చీకట్లో కూర్చుంటావు" అంటుంది బ్రాడీపేట పిన్ని. పోయినేడు మా వదినకి పాప పుడితే కామెర్లని నీలం లైటు కింద మూడు రోజులు పెట్టారు. అప్పుడు చెప్పాను: పిన్నీ, ఆ లైటు పాప ఒంట్లోని బిలిరుబిన్ అణువు ఆకారాన్నే మారుస్తుంది, అలా మెలితిరిగింది కాబట్టే కాలేయం దాటి తేలిగ్గా బయటికి పోతుంది అని. ఇంగ్లండులో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సు ఒకావిడ ఎండలో ఉంచిన పసిపిల్లల పచ్చదనం తగ్గడం గమనిస్తే, 1958లో క్రేమర్ బృందం దాన్ని దీపాల వైద్యంగా రాసింది. మనవాళ్లు బొల్లికి బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టిందీ ఈ దారినే, అందులోని సొరాలెన్ అనే పదార్థానికి పని నేర్పేది ఎండే. పిన్ని శ్రద్ధగా విని, "అయితే నీకు ఉద్యోగం ఎప్పుడొస్తుందే?" అంది.

మామయ్యది మిర్చియార్డులో కమీషన్ కొట్టు. ఆయనకి మాత్రం ఒక్క ముక్కలో అర్థమైంది. మిరపకాయ తింటే మండేది నాలుక మీది నరాల్లో టీఆర్‌పీవీ1 అనే తలుపు తెరుచుకోవడం వల్ల. మిరపకాయలోని మంట పదార్థం కాప్సైసిన్‌తోనే దాన్ని పట్టుకున్నందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. నొప్పి తెలిసే తలుపుల్లో అదీ ఒకటి కాబట్టి, మా అణువు తట్టాల్సిందీ దాన్నే. వెలుగు పడ్డచోట ఒకలా, పడనిచోట ఇంకోలా. "అంటే మిరపకాయకి స్విచ్చి పెడుతున్నావన్నమాట" అన్నాడు మామయ్య. యార్డంతా చెప్పుకుని తిరిగాడు. ఇప్పుడు ఎప్పుడెళ్లినా "స్విచ్చి పనిచేస్తోందామ్మా?" అని అడుగుతారు హమాలీలు కూడా.

పనిచేస్తోందండీ. గోడ మీది స్విచ్చి భేషుగ్గా పనిచేస్తోంది. 2013లో నెదర్లాండ్స్‌లో ఫెరింగా అనే కెమిస్ట్రీ ఆయన బృందం యాంటీబయోటిక్‌కి వెలుగుతో నడిచే స్విచ్చి పెట్టి చూపించింది. వాళ్ల ల్యాబులో కరెంటు పోయి వచ్చేదో లేదో!

అసలు ఆ స్విచ్చి ఎవరు నొక్కారు? నాలుగు రోజులుగా ఇదే విచారణ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు అమ్మతోడు అన్నారు. జూనియరు ఆ టైముకి శాంపిలు పట్టుకుని విజయవాడ బస్టాండులో హైదరాబాదు బస్సు కోసం నిలబడి ఉంది. పాపం దాని గొడవ దానిది, రేకులో చుట్టిన సీసాలు చూసి కండక్టరు "ఇడ్లీలా అమ్మా?" అన్నాడట. బాబాయి లోపలికే రాలేదు. ఇక మిగిలింది ఎవరో లెక్క వేయడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. కరెంటు పోగానే స్విచ్చి రెండుసార్లు టపటపమనిపించి చూడటం మనకి పుట్టుకతో వచ్చిన జబ్బు. పైకి వేశానో కిందికి వేశానో ఆ చీకట్లో ఎవరికి తెలుసు? నాకైతే గోడ తడిమినంతవరకే గుర్తుంది.

అయినా సరే, మీరు వెలగకుండా ఉండాల్సింది! ఆరేళ్లు వెలగమంటే వెలగలేదే, ఒక్క ఇరవై అయిదు నిమిషాలు మీ పాత బద్ధకం ఏ గంగలో కలిసింది? నాలుగుసార్లు మినుకు. జుయ్యిమను. చోకు కాలిపో. ఒక మనిషి తెల్లవారుజామున లేచి అరగంటకోసారి కూడబెట్టుకున్న రీడింగులు అవి. అణువుని దీపం కింద మళ్లీ వంచొచ్చు, గీత మాత్రం మళ్లీ మొదటి నుంచే. ఛీ, మీతో నాకేంటి. నీతో నాకేంటి!

నిన్న ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పాత ట్యూబులన్నీ పీకి ఎల్‌ఈడీలు వేస్తారట. పీడ వదిలిందని చప్పట్లు కొట్టబోయి ఆగాను. తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల నీలం దీపం, మీద పసుపు పూత. దాని వెలుగు శిఖరం సుమారు 450 నానోమీటర్ల దగ్గర. నా అణువు పాలిట నీకంటే పెద్ద యముడు. పైగా దానికి మినుకూ మూలుగూ లేవు, రోజూ మంగళవారమే.

అందుకని సార్‌తో అర్జీ పెట్టించాను, ఈ ఒక్క గదిలో పాత ట్యూబే ఉంచమని. అర్ధరాత్రి చాప్టర్లు రాసుకునేటప్పుడు ఎదురుగా ఉన్నది నువ్వూ, నీ వెనక కాపరముంటున్న బల్లీ తప్ప ఎవరు? వెలిగినప్పుడు బాగానే వెలుగుతావు, ఆ మాట కాదనను.

అర్జీ ఒప్పుకున్నారు. ఈ శుక్రవారం కొత్త సీసాలు పెడుతున్నాను. పొద్దున్నే కుర్చీ ఎక్కి నీ స్టార్టరు తిప్పి పీకేశాను. అది నా జేబులో ఉంది. రీడింగులు అయ్యాక ఇస్తాను.

ఇట్లు,
ఎర్ర బల్బు కింది మనిషి