గోడ మీద పడవకున్న విలువ

ఒళ్లు మండిపోతోంది. మా మేడ మీద గదిలో అద్దెకుండే కుర్రాణ్ణి ఈ ఉదయం కాలేజీ గేటు బయటే ఆపేశారు. ఇంటర్నల్ పరీక్ష. ఇరవై నిమిషాలు ఆలస్యమట.

అతనిది పులికాట్ సరస్సులోని ఇరకం దీవి. పేరుకు ఆంధ్ర, తిరుపతి జిల్లా తడ మండలం. ఇంట్లో తమిళం, మాతో తెలుగు. సెలవుకు ఇంటికి వెళితే సోమవారం తెల్లవారకముందే పడవెక్కి భీములవారిపాళెం రేవు చేరాలి, ఆపైన తడలో రైలు అందుకోవాలి. ఈ రోజు నీళ్లు తగ్గి పడవ బురదలో కూరుకుపోయింది. అందరూ దిగి తోసుకుంటూ వచ్చారు. పదిన్నరకు మా గుమ్మంలో నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడి, చెప్పుల మీద బురద ఎండి పెచ్చులు కట్టింది. మెడలో గుర్తింపు కార్డు మాత్రం పాలిథిన్ కవరులో చుక్క తడి అంటకుండా ఉంది. అది చూసి ఆగలేకపోయాను.

వెంటబెట్టుకుని వెళ్లాను. కొత్త భవనం, అద్దాల తలుపులు. లోపల గోడ నిండా ఏముందనుకున్నారు? పులికాట్! గులాబీ రెక్కల ఫ్లెమింగోలు, గెడకర్రతో పడవ నడిపే మనిషి. ఆ బొమ్మ కిందే కూర్చున్న పెద్దమనిషి, "మీ ఊరికి దారి లేకపోతే మేమేం చేస్తామమ్మా" అన్నాడు.

దారి లేకపోవడం ఆ పిల్లవాడి తప్పా? సరస్సు సగటు లోతే ఒక మీటరు. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయి సముద్రపు నీరు రాకపోతే పడవ ఎలా సాగుతుంది? పూడిక తీయండని జాలర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. వలలో చేప పడక, పడవకు నీళ్లు లేక చస్తున్నారు.

నా కడుపుమంట ఆ పెద్దమనిషి ఒక్కడి మీదే కాదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు ఇదే సరస్సు మీదుగా రోడ్డు వేశారు కదా! 2023 జులై 14న చంద్రయాన్-3 లేచిన రోజు నేనూ చప్పట్లు కొట్టాను, ఇప్పటికీ గర్వమే. కానీ రాకెట్టు సామాను మోసే లారీలకు నీళ్ల మీద రోడ్డు దొరికినప్పుడు, పురిటి నొప్పులొచ్చిన ఇరకం ఆడపడుచు పడవ కోసం ఒడ్డున ఎందుకు పడిగాపులు కాయాలి? చెన్నైకి ఇంత దగ్గర్లో ఉన్న మనుషులు మనకు గోడ మీద బొమ్మలుగానే కావాలా?

పై గదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. పరీక్షలు అయ్యేదాకా ఇంటికి రానని వాళ్ల అమ్మకు ఫోనులో చెబుతున్నాడు.