నారడ్రినలిన్‌కు సెంట్రల్ లైన్ దాకా ఆగాలా?

సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే స్థితిలో) రక్తనాళాలు బిగువు కోల్పోతాయి. ఎంత సెలైన్ ఎక్కించినా బీపీ నిలబడదు. అయినా చాలాచోట్ల సీసా మీద సీసా ఎక్కిస్తూ, సెంట్రల్ లైన్ (మెడ లేదా తొడ దగ్గరి పెద్ద నరంలోకి వేసే గొట్టం) వేసే డాక్టర్ వచ్చేదాకా, రక్తనాళాలను బిగించి బీపీ పెంచే నారడ్రినలిన్ ముట్టుకోరు. ఆ గంటలో దెబ్బతినేది కిడ్నీలే. చేతి నరం ద్వారానే మొదలుపెట్టమని, సెప్సిస్ చికిత్సకు మార్గదర్శకాలిచ్చే సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ 2021లోనే చెప్పింది. బీపీ 80/50 అంటే సగటు పీడనం 60 మాత్రమే, కావాల్సింది 65.

చేతి నరం అంటే ఏ నరమైనా సరే అని కాదు. మణికట్టు, అరచేతి వెనుక వైపు వద్దు. మోచేతి మడత దగ్గర గానీ, ఆ పైన గానీ 18 లేదా 20 గేజ్ కాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) వేసి, గంటకోసారి తప్పకుండా చూడాలి. చర్మం తెల్లబడి చల్లగా, గట్టిగా తగిలితే మందు బయటికి కారుతున్నట్టే. వెంటనే రెండో చేతికి మార్చాలి. అందుకే అక్కడ ముందుగానే ఇంకో కాన్యులా ఉండాలి. పాతదాన్ని ఫ్లష్ చేయకూడదు. దాన్నుంచే వీలైనంత మందు వెనక్కి లాగి, 5-10 మి.గ్రా. ఫెంటోలమైన్‌ను (బిగిసిన రక్తనాళాలను వదులు చేసే విరుగుడు మందు) 10 మి.లీ. సెలైన్‌లో కలిపి చుట్టూ చర్మం కింద ఇవ్వాలి.

అసలు పొరపాట్లు జరిగేది మందు కలిపే దగ్గర. ఆంపుల్ మీద బైటార్ట్రేట్ (నారడ్రినలిన్ లవణ రూపం) 4 మి.గ్రా. అని ఉంటే అందులో నారడ్రినలిన్ 2 మి.గ్రా. మాత్రమే. దాన్ని 50 మి.లీ. చేస్తే మి.లీ.కి 40 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము చొప్పున గంటకు 9 మి.లీ. అవుతుంది. రోగిని పంపిన ఆసుపత్రి బైటార్ట్రేట్ లెక్క, చేర్చుకున్న ఆసుపత్రి నారడ్రినలిన్ లెక్క, లేదా అటుదిటుగా వేసుకుంటే డోసు ఒక్కసారిగా రెట్టింపో సగమో అవుతుంది. రిఫరల్ చీటీ మీద ఏ లెక్కో రాయడం ఒక్క నిమిషం పని.

ఇంకో సంగతి. ట్యూబులో 2 మి.లీ. సెలైన్ మిగిలి ఉంటే, ఈ వేగంలో మందు నరానికి చేరడానికి 13 నిమిషాలు పడుతుంది. ఈలోగా బీపీ పెరగలేదని వేగం పెంచుతారు, తర్వాత బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. కాబట్టి ట్యూబు చివరిదాకా మందే నింపాలి. ఆ లైన్‌లో యాంటీబయాటిక్ తోయకూడదు. తోస్తే ట్యూబులోని మందంతా ఒక్కసారే లోపలికి పోతుంది.

నారడ్రినలిన్ దొరక్కపోతే బీపీ పెంచడానికి డోపమైన్ అనే పాత అలవాటు మానాలి. 2010లో 1679 మందిపై ఈ రెండు మందులను పోల్చిన సోప్-2 పరీక్షలో గుండె లయ తప్పింది డోపమైన్‌తో 24.1 శాతం మందిలో, నారడ్రినలిన్‌తో 12.4 శాతం మందిలో.

నారడ్రినలిన్ డోసు కిలోకు నిమిషానికి 0.25 మైక్రోగ్రాములు దాటుతుంటే అదే పెంచుకుంటూ పోకుండా వాసోప్రెసిన్ (రక్తనాళాలను బిగించే మరో మందు) నిమిషానికి 0.03 యూనిట్లు కలపాలి. ఆ డోసు నాలుగు గంటలకు తగ్గకుండా సాగితే హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) ఆరు గంటలకోసారి 50 మి.గ్రా. అప్పటికీ అవసరం పెరుగుతోందంటే పంపు వదిలి రోగి వైపు చూడాలి: ఎక్కడైనా చీము మిగిలిందా, మూత్రనాళం మూసుకుందా? మన జిల్లాల్లో వానల తర్వాత జ్వరంతో వచ్చినవారైతే ఒళ్లంతా వెతికి చూడాలి, చంకల్లో, గజ్జల్లో కూడా. నల్లటి చెక్కు కట్టిన పుండు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) కావచ్చు. దానిమీద సెఫ్‌ట్రియాక్సోన్ పనిచేయదు, డాక్సీసైక్లిన్ పడాలి.