తరుగు శాస్త్రం

ఓరుగల్లు చుట్టుపక్కల తూకం సంగతి తెలియనివాడు దొరకడు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా కాంట ఎక్కగానే రైతు చూపు అంకె మీద, వ్యాపారి చూపు ఆకాశం మీద ఉంటాయి. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ అని కొంత, తాలు అని కొంత తరుగు తీస్తారు. బస్తా కదలదు, చిరగదు, గింజ రాలదు. బరువు మాత్రం కాగితం మీద తగ్గిపోతుంది. ఇంత ఘనమైన సంప్రదాయం ఉన్న నేల మీదికి అల్ట్రాలైట్ ట్రెక్కింగ్ అనే విద్య ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందో చరిత్రకారులే తేల్చాలి.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. వీపున సంచీ తగిలించుకుని కొండల్లో రోజుల తరబడి నడిచేవాళ్ళు సామాను బరువు గ్రాముల్లో చూసుకుంటారు. సంచీ, గుడారం, పక్కబట్ట, ఈ మూడూ పెద్ద బరువులు కాబట్టి కోత అక్కడ మొదలవ్వాలి. మొత్తం పది పౌండ్లు, అంటే దాదాపు నాలుగున్నర కిలోలు దాటకపోతే మీరు అల్ట్రాలైట్. ఇరవై పౌండ్ల లోపు ఉంటే ఊరికే లైట్. అది కూడా దాటితే మామూలు మనుషులు, మీతో మాట్లాడటానికి ఏమీ ఉండదు.

మొత్తం అన్నాను గాని, కిటుకంతా ఆ మొత్తంలోనే ఉంది. తిండి లెక్కలోకి రాదు. నీళ్ళు రావు. పొయ్యిలో గ్యాసు రాదు. దారిలో అయిపోయేవాటికి పద్దు రాయకూడదని శాస్త్రం. ఒంటి మీద ఉన్నవి కూడా రావు. ఇవన్నీ పోగా మిగిలినదాన్ని బేస్ వెయిట్ అంటారు. అప్పులను కార్పొరేషన్ల పేర తెచ్చి బడ్జెట్‌ను నాజూగ్గా ఉంచే సర్కార్లకు ఈ పద్ధతి విడమరిచి చెప్పక్కర్లేదు.

హనుమకొండలో మా బావమరిది ఈ దీక్ష తీసుకున్నాడు. మొదట కొన్నది సంచీ కాదు, వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ కాంట. బనీనుకు వెనక కుట్టిన కంపెనీ చీటీలు కత్తిరించి తూచాడు. పళ్ళ బ్రష్ కాడ సగానికి కోసి, ఎనిమిది గ్రాములు మిగిలాయని నాకు ఫోన్ చేశాడు. "గ్రాము గ్రామే గదా బావా" అన్నాడు, గొంతులో కొంచెం తడి కూడా ఉంది. మా అత్తమ్మ ఆ మొండి బ్రష్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "గిదెందుకు ఇరగ్గొట్టినవ్ బిడ్డా? అడివిల యాపపుల్ల దొర్కదా?" అని అడిగింది. వేపపుల్ల బేస్ వెయిట్ సున్నా. శాస్త్రంలో ఈ అవకాశం గురించి ఎక్కడా రాయలేదు కాబట్టి ఆయన జవాబు చెప్పలేదు.

ఆ వెంటనే అత్తమ్మ స్టీలు డబ్బా తెచ్చి కాంట మీద పెట్టింది. అందులో సకినాలు, రెండు సర్వపిండి రొట్టెలు, మామిడికాయ తొక్కు. అంకె రెండు కిలోలు దాటింది. నేను చూస్తుండగానే బావమరిది నోటు పుస్తకంలో "తిండి, లెక్కలోకి రాదు" అని రాసి ఊపిరి పీల్చుకున్నాడు. డబ్బా మాత్రం లెక్కలోకి వస్తుందట. అందుకని సరుకంతా ప్లాస్టిక్ కవర్‌లోకి పోశాడు. సకినాలు గుట్ట ఎక్కకముందే పిండయ్యాయి, తొక్కు సర్వపిండికి పట్టింది, బరువు మాత్రం శాస్త్రోక్తంగా తగ్గింది. పెళ్ళి నాటి నుంచి నడుము చుట్టూ కూడబెట్టుకున్నది ఒంటి మీద ఉన్నవాటి పద్దులోకి పోయింది.

గిన్నెల దగ్గర కొంత లోతుగా పోవాలి. సత్తు, అంటే అల్యూమినియం, టైటానియం కంటే చాలా తేలికైన లోహం. ఒకే సైజు ముక్కలు తీసుకుంటే టైటానియం బరువులో అది అరవై శాతమే. అయినా టైటానియం గ్లాసే గొప్పది, ఎందుకంటే గట్టి లోహం కనుక రేకు బాగా పల్చగా తీయొచ్చు. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే అది వేడిని సరిగా పంచదు. మంట తగిలిన చోట అన్నం మాడుతుంది, అంచున పలుకు ఉంటుంది. మాడినా అది తిండి పద్దే గనుక లెక్క చెడదు. ఇక నీళ్ళ సీసాల మీద ఏళ్ళ తరబడి సాగిన మేధోమథనం, దుకాణంలో నీళ్ళతో సహా ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ సీసాయే అన్నిటికన్నా తేలిక అని తేల్చింది. అదే సీసాలు మన బస్టాండులో కాళ్ళకు అడ్డం పడుతుంటాయి.

ఈ మతానికి ఆదిగురువును తలవకపోతే పాపం చుట్టుకుంటుంది. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే పదకొండు మంది పిల్లల తల్లి 1955లో, అరవై ఏడేళ్ళ వయసులో, మూడు వేల కిలోమీటర్లు దాటే అపలాచియన్ ట్రెయిల్‌ను ఒంటరిగా నడిచేసింది. ఆమె ఆస్తి: సొంతంగా కుట్టుకున్న గుడ్డ సంచీ, కాన్వాస్ బూట్లు, ఒక రగ్గు, వాన పడితే కప్పుకోవడానికి స్నానాల గదికి కట్టే ప్లాస్టిక్ తెర. ఆమెకు దండం పెట్టుకునే భక్తులు చివరికి కొనేది అర లక్ష దాటే గుడారం. పందెం పడవల తెరచాపల కోసం పుట్టిన గుడ్డ అది, బరువు అరకిలోకు అటూ ఇటూ. ఈఎంఐ మాటేమిటని అడిగాను. నెలనెలా అయిపోయేది కనుక అదీ బేస్ వెయిట్‌లోకి రాదట.

మన కాకతీయులకు ఈ విద్య కొట్టినపిండి. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిఖరానికి నీళ్ళలో తేలే ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గితే కింద గోడలకూ పునాదిలోని ఇసుకకూ భారం తగ్గుతుందని. 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. పై అంతస్తు వీలైనంత తేలిగ్గా ఉండాలన్న ఆ సూత్రాన్ని ఇప్పటివాళ్ళు గుళ్ళు కట్టకుండానే ఆచరిస్తున్నారు.

ప్రకృతి మాత్రం సహకరించడం లేదు. లీటరు నీళ్ళు ఎవరు తూచినా కిలోనే. ఏప్రిల్ ఎండలో పాండవుల గుట్టల మీద రోజంతా తిరిగేవాడికి నాలుగైదు లీటర్లన్నా కావాలి. బ్రష్ కాడ మిగిల్చిన ఎనిమిది గ్రాములు ఒక గుక్కకు కూడా చాలవు. ఈకల పక్కబట్ట తేలికా, వెచ్చనా, సరే. తడిస్తే ముద్ద కడుతుంది. ఏటూరునాగారం అడవిలో వానకాలం అది ఎన్ని గంటలు పొడిగా ఉంటుందో ఆ పక్కబట్టకే ఎరుక.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. రెండేళ్ళకోసారి, మాఘ పున్నమి నాళ్ళలో, జనం ములుగు జిల్లా మేడారానికి సమ్మక్క సారలమ్మల జాతరకు పోతారు. బేస్ వెయిట్ అన్న మాట కూడా వినకుండా పోతారు. తల్లులకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువెంతో అంత బెల్లం, తూచి మరీ మొక్కు చెల్లిస్తారు. తన బరువును తానే రెట్టింపు చేసుకునే ఈ ఆచారం చూసి, జంపన్నవాగు ఒడ్డున అవగాహన శిబిరం పెట్టాలని కొందరు ట్రెక్కింగ్ యువకులు ఉబలాటపడుతున్నారు. తొందరపడొద్దని మనవి. ముందు శాస్త్రప్రకారం కాంట పెట్టండి.

పరకాల నుంచి బయల్దేరిన ఐదుగురున్న ఇల్లు అనుకుందాం. బెల్లం అరవై కిలోలు: తిండి, సున్నా. మేకపోతు: తిండి, సున్నా, పైగా తన బరువు తానే మోసుకుని నడుస్తుంది, టైటానియం ఇంకా ఆ స్థాయికి ఎదగలేదు. కోళ్ళు, బియ్యం, కారం, అల్లం: తిండి. కల్లు: తాగేది, చీకటి పడేలోపు అయిపోయేది. కట్టెలు: ఇంధనం. ముసలమ్మ భుజాన కప్పుకున్న దుప్పటి, కోడలి చంకలో పిల్ల: ఒంటి మీద ఉన్నవి. పిల్ల కిందికి దిగి నడిస్తే వేరే ట్రెక్కర్ కింద లెక్క. విస్తరాకులకు అక్కడి మోదుగాకులు. ఇక మిగిలిందేమిటి? నీలం ప్లాస్టిక్ పట్టా, సత్తు గంజు, గంటె, కత్తి, టార్చిలైటు. వెరసి నాలుగు కిలోలు. తలా ఎనిమిది వందల గ్రాములు. ఐదు పౌండ్ల లోపువాళ్ళకు సూపర్ అల్ట్రాలైట్ అని ఇంకో పీఠం ఉంది. పరకాలవాళ్ళు ఆ పీఠం కింద నుంచి దూరిపోయారు. కోటి మంది దాటుతారని సర్కారు ప్రతిసారీ చెప్పే ఈ జాతరే, పద్దు ప్రకారం, లోకంలోకెల్లా పెద్ద అల్ట్రాలైట్ శిబిరం. పర్యాటక శాఖవారు తాడ్వాయి దగ్గర ఆ మేరకు బోర్డు పెట్టొచ్చు.

లెక్కంతా విని బావమరిది చాలాసేపు ఆలోచించాడు. "అంతా మంచిగనే ఉంది బావా, గని మేక మెడల తాడు? అది తినరు గదా" అన్నాడు. నిజమే, నైలాన్ తాడు లెక్కలోకి వస్తుంది. అదే మందం డైనీమా అనే గట్టి నార తాడైతే పదిపదిహేను గ్రాములు తగ్గుతుందట, వచ్చే జాతరకు ఇప్పుడే తెప్పించాలట. గింత తేలికది తెంపుకొని ఉరికితే ఎట్లా అని అత్తమ్మ అనుమానం. "తెగదమ్మా. తుపాకి గుండు ఆపే జాకెట్లల్ల గిదే నార" అన్నాడు.

"మేకపోతుకు గుండు ఎవడు కొడ్తడు బిడ్డా, కత్తి గదా" అంది అత్తమ్మ.