‘అట్రోఫీ’ అని రాసేముందు బిడ్డ తల కొలవండి

బిడ్డకు ఏడాది నిండలేదు. తల చుట్టుకొలత వయసుకు మించి ఉంది. ఎంఆర్‌ఐ రిపోర్టు చూస్తే ‘సెరిబ్రల్ అట్రోఫీ’ అంటుంది. మెదడు కుంచించుకుపోతుంటే తల ఎలా పెరుగుతోందని అడిగేవారే లేరు. గ్లుటారిక్ ఎసిడ్యూరియా టైప్-1 గుర్తుకు రావాల్సింది అక్కడే. ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒళ్లు సరిగా విడగొట్టలేని వారసత్వ జబ్బు ఇది. 1975 నుంచీ తెలిసిన జబ్బే. లక్ష మందిలో ఒకరికి వస్తుందని లెక్క.

అడ్డకోత చిత్రాల్లో మెదడుకు రెండు పక్కలా ఉండే లోతైన మడతలు, అంటే సిల్వియన్ చీలికలు, గబ్బిలం రెక్కల్లా తెరుచుకుని ఉంటాయి. మెదడు కరగడం కాదది, చీలికను కప్పాల్సిన భాగం ఎదగకపోవడం. కొందరిలో మెదడు పైపొరల కింద రక్తస్రావమూ (సబ్‌డ్యూరల్) ఉంటుంది. అప్పుడు బిడ్డను కొట్టారేమోనన్న అనుమానం కన్నవాళ్ల మీదికి పోతుంది, పాపం. అసలు సంగతేమిటంటే, కదలికలను అదుపుచేసే మెదడు లోపలి భాగాలు (బేసల్ గాంగ్లియా) దెబ్బతినకముందే ఆ రెక్కలు కనిపించవచ్చు. తర్వాత, ఎక్కువగా 3 నుంచి 36 నెలల మధ్య, ఒక జ్వరమో విరేచనాలో పట్టుకుంటాయి. ఆ లోపలి భాగాల్లోని పుటామెన్, కాడేట్ దెబ్బతిని ఒళ్లు మెలితిరిగే డిస్టోనియా మిగులుతుంది. ఆ నష్టం ఇక పూడదు. సెరిబ్రల్ పాల్సీ అన్న పేరుతో ఫిజియోథెరపీకి తిరగడమే.

కాబట్టి రెక్కలు కనబడ్డాక ఎక్సోమ్ (జన్యు పరీక్ష) రిపోర్టు కోసం వారాలు కూర్చోకూడదు. రక్తపు చుక్కలో ఈ జబ్బులో పెరిగే గ్లుటారిల్‌కార్నిటిన్, మూత్రంలో ఆర్గానిక్ యాసిడ్లు వెంటనే చూడాలి. కొందరిలో మూత్రం దాదాపు మామూలుగానే ఉంటుంది, అంతమాత్రాన వదిలేయకూడదు. లైసిన్ తగ్గించిన ఆహారం, మొదట్లో కిలో బరువుకు రోజుకు సుమారు 100 మిల్లీగ్రాముల కార్నిటిన్ ఇస్తారు. జ్వరమొస్తే ఒక రోజు ప్రోటీన్ ఆపి గ్లూకోజు పట్టాలి, కక్కేస్తుంటే ఆస్పత్రిలో నరం ద్వారా ఎక్కించాలి. ప్రోటీన్‌ను 48 గంటలు దాటకుండా మళ్లీ మొదలుపెట్టాలి.

లక్షలో ఒకరి కోసం పెద్ద తలున్న ప్రతి పసివాడికీ మత్తిచ్చి స్కాన్ తీయాలా అంటారు. అక్కర్లేదు. తండ్రి తలా పెద్దదైతే చాలాసార్లు వారసత్వమే. నేననేది ఇప్పటికే తీసిన స్కాన్ గురించి. తల కొలత, మేనరికం సంగతి రేడియాలజిస్టుకు పంపే చీటీలో రాస్తే చాలు.

ఆ మాటకొస్తే ఎంఆర్‌ఐ దాకా ఆగితేనే ఆలస్యమైపోయినట్టు. చెడిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ చేరితేనే ఈ జబ్బు వస్తుంది. మేనమామ, మేనకోడలు పెళ్లాడితే, ఒకే పూర్వీకుడి జన్యువు నకలు పుట్టే బిడ్డకు ఇటునుంచీ అటునుంచీ చేరే అవకాశం ఏ జన్యువుకైనా 8లో 1. మేనత్త, మేనమామ పిల్లల మధ్యైతే 16లో 1. ఇలాంటి సంబంధాలు ఇంకా నడుస్తున్న తెలుగు రాష్ట్రాలు నవజాత శిశువుల పరీక్షకు అందరికన్నా ముందుండాలి. పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని మొదటి 30 సమస్యల జాబితాలో పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం ఉంది, ఈ జబ్బు లేదు. పుట్టిన 48 నుంచి 72 గంటల్లో మడమ నుంచి నాలుగైదు చుక్కలు కార్డు మీదికి తీసి, ఎండ తగలకుండా నాలుగు గంటలు ఆరబెట్టి, చెమ్మ తగలని కవరులో పంపితే సరిపోతుంది. ఆ చుక్కలను పరీక్షించే మెషీన్ జిల్లాకొకటి అక్కర్లేదు, రాష్ట్రానికి ఒకటి రెండు చోట్ల ఉన్నా నడుస్తుంది.