500 మైళ్ల నిబంధన గారికి

అయ్యా 500 మైళ్ల నిబంధన గారూ,

నమస్కారం. మీరు నన్నెరగరు కానీ నేను మిమ్మల్ని బాగా ఎరుగుదును. 2018 డిసెంబరు 21న అమెరికాలో ఫస్ట్ స్టెప్ యాక్ట్ మీద సంతకం పడినప్పుడు మీరు చట్టంలోకి ఎక్కారు. ఫెడరల్ (అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ) ఖైదీని వీలైనంత వరకు ఇంటికి దగ్గర్లో, 500 డ్రైవింగ్ మైళ్ల లోపు జైల్లో పెట్టాలన్నది మీ సారాంశం. కుటుంబాలు చెదిరిపోకూడదని ఎవరో మంచి మనసుతోనే రాసి ఉంటారు. అందుకే ముందుగా మీకో దండం.

500 మైళ్లంటే 800 కిలోమీటర్లు. మీ లెక్కన హైదరాబాద్‌లో కాపురం ఉండేవాళ్లకి బెంగళూరు దగ్గరే, చెన్నై దగ్గరే, ముంబై కూడా దగ్గరే. మా పెళ్లి సంబంధం వచ్చినప్పుడు విజయవాడ నుంచి విశాఖపట్నం మరీ దూరమని మా నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మీలాంటి పెద్దమనిషి మధ్యవర్తిగా ఉంటే ఆయనకి ఆ బెంగే ఉండేది కాదు.

మా ఆయన తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు. ఫెడరల్ కోర్టుల్లో శిక్ష పడేవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా అలా ఒప్పుకుని వెళ్లేవాళ్లే. శిక్ష ఎందుకు పడిందని నేను మీతో గొడవకి రాలేదు. జడ్జిగారు ఇంటికి దగ్గర్లో పెట్టమని సిఫార్సు కూడా చేశారు. అయితే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా! ఎక్కడ పెట్టాలో తేల్చేది జైళ్ల శాఖ. మంచం ఖాళీ ఉండాలి, సెక్యూరిటీ లెవల్ కుదరాలి, ఇంకా బోలెడు కుదరాలి. ఆ నిర్ణయాన్ని ఏ కోర్టూ సమీక్షించకూడదని మీరు కాపురముంటున్న సెక్షన్‌లోనే రాసిపెట్టారు. ఇంత పకడ్బందీగా మా ఇంటి అద్దె అగ్రిమెంట్ కూడా లేదు.

మేముండే డల్లాస్ చుట్టుపక్కల ఫెడరల్ జైళ్లు లేక కాదు. మాకు కుదరలేదంతే. పైగా మా ఆయన ఇక్కడి సిటిజన్ కాదు, గ్రీన్ కార్డు క్యూలో నిలబడి నిలబడి అలవాటైన మనిషి. శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేసే అవకాశం ఉన్నవాళ్లని మామూలుగా కంచె లేని క్యాంపుల్లో ఉంచరు. నేరం ఎంత చిన్నదైనా కనీసం కంచె ఉన్న లో-సెక్యూరిటీ జైలుకి పోవాల్సిందే. అలా వెతికి వెతికి 300 మైళ్ల పైచిలుకు దూరంలో ఒకటి చూపించారు. లాయర్‌గారు ఫోన్ చేసి "కంగ్రాచులేషన్స్, 500 లోపే వచ్చింది" అన్నారు. నేనూ థాంక్యూ చెప్పాను. ఇంకేమంటాం?

లొంగిపోవడానికి దింపిన రోజు గేటు దగ్గర మా ఆయన ఉంగరం తీసి నా చేతిలో పెట్టాడు. రాయి లేని పెళ్లి ఉంగరమైతే లోపలికి రానిస్తారట. మన మగవాళ్లకి రాయి లేని ఉంగరం ఎక్కడిది? గ్రహాలు బాగోలేవని అత్తయ్య చేయించిన పుష్యరాగం అది. దాని పనితనం గురించి నేను మాట్లాడను.

డ్రైవింగ్ మైళ్లని మీరు స్పష్టంగా చెప్పారు, సంతోషం. డ్రైవ్ చేసేదెవరో మాత్రం చెప్పలేదు. శుక్రవారం ఆఖరి మీటింగ్ అవగానే పాపని వెనక సీట్లో కట్టి, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టి బయల్దేరతాను. పులిహోర మాకే, లోపలికి వెళ్లదు. ఫోర్ట్ వర్త్ దాటాక ఊళ్లు పలచబడి, పత్తి చేలు, గాలి మరలు, తల ఊపే ఆయిల్ పంపులు మిగులుతాయి. అర్ధరాత్రి మోటెల్ చేరితే కౌంటర్ వెనక గుజరాతీ పెద్దాయన. ఆ ఊళ్లోకి ఇండియన్ ఆడమనిషి ఒంటరిగా పిల్లని తీసుకుని ఎందుకొస్తుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. తాళం చేతికిస్తూ "ఖాకీ రంగు బట్టలు వేసుకోకమ్మా, వెనక్కి పంపేస్తారు. తొందరగా వెళ్తే లైన్ తక్కువ ఉంటుంది" అని హిందీలో అన్నాడు. చట్టం, లాయరు, వెబ్‌సైటు కలిసి చెప్పినదానికన్నా ఆ రెండు ముక్కలే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

లోపలి సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. ఖైదీల బట్టల్లా ఉండే ఖాకీ కూడదు, చేతుల్లేని కుర్తీ కూడదు. మెటల్ డిటెక్టర్ దగ్గర నా మంగళసూత్రం చూసి ఆఫీసరమ్మ ఇదేంటంది. వెడ్డింగ్ రింగ్ అన్నాను. ఇంత పొడుగు రింగా అన్నట్టు చూసి పొమ్మంది. భార్యాభర్తలు ముద్దు పెట్టుకోవచ్చు, కౌగిలించుకోవచ్చు. అయితే వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ మాత్రమే, అదీ మర్యాదగా. మర్యాద అన్న మాట నిజంగానే రూల్లో ఉంది. మేం తెలుగువాళ్లం, నలుగురిలో చెయ్యి పట్టుకోవడానికే సిగ్గుపడి చచ్చేవాళ్లం. ఈ ఒక్క రూలు మటుకు మమ్మల్ని చూసే రాశారనిపించింది.

మిగతా రోజుల్లో ఫోన్ ఉంది. ఒక కాల్ 15 నిమిషాలు, నెలకి మామూలుగా 300 నిమిషాలు. ఇది ఫెడరల్ జైలు నుంచి వస్తున్న కాల్ అని రికార్డు గొంతు చెబుతుంది. పాప హోంవర్కు, కారు ఇన్సూరెన్సు, ఇంటి కంతు చెప్పుకునేసరికే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. బాగున్నావా అని ఆయన అడిగేది సరిగ్గా లైన్ కట్టయ్యే ముందు. మధ్యలో మూడో మనిషిని కలపకూడదు, కాల్ ఇంకో నంబరుకి మళ్లించకూడదు. అంటే తెనాలిలో ఉన్న అత్తయ్యని నా ఫోన్లోంచి కలపడం రూలు తప్పడమే. ఆయనే నేరుగా ఇండియాకి చేద్దామంటే ఖర్చు ఎక్కువ, నిమిషాలు మళ్లీ ఆ ఖాతాలోంచే.

"ఏమ్మా, వాడు వీడియో కాల్ చెయ్యడేం?" అని అత్తయ్య రోజూ అడుగుతుంది.

"కొత్త క్లయింట్ దగ్గర ఉన్నారత్తయ్యా. అక్కడ సెక్యూరిటీ చాలా ఎక్కువ. ఫోన్లు లోపలికి రానివ్వరు. కాంట్రాక్టు మధ్యలో వదిలి రావడానికి లేదు."

చూడండి, ఇందులో క్లయింట్ అన్న ముక్క తప్ప అంతా నిజమే. 1987 నవంబరు 1 నుంచి చేసిన ఫెడరల్ నేరాలకి పెరోల్ అన్నదే లేదు. బుద్ధిగా ఉంటే ఏడాదికి 54 రోజుల వరకు తగ్గుతాయి. తెలుగు సంఘం సంక్రాంతి పార్టీలో కూడా ఇదే కథ చెప్పాను. వాళ్లకి అసలు సంగతి తెలుసు, తెలుసని నాకూ తెలుసు. అయినా ఏ క్లయింటు, రేటెంత అని ఎవరూ అడగలేదు. మనవాళ్లు రేటు అడగలేదంటే ఎంత జాలిపడుతున్నారో మీరే ఊహించుకోండి.

నా హెచ్-1, అంటే ఉద్యోగం వీసా, నా సొంతం కాబట్టి నేనిక్కడ ఉండి మీకు ఉత్తరం రాస్తున్నాను. భార్యగా వచ్చే హెచ్-4 వీసా మీద ఉండుంటే ఆయన ఉద్యోగంతో పాటు నా స్టేటస్ కూడా పోయేది. అప్పుడు ములాఖత్‌కి మీ 500 మైళ్లు ఏ ఊరి నుంచి కొలిచేవారు? చట్టం ఖైదీ ఇంటి నుంచి కొలవమంటుంది. ఇల్లు అక్కడే ఉంటుంది, ఇంట్లో మనిషి ఉందా లేదా అన్నది మీ శాఖ కాదు.

ఆయనకి డబ్బు పంపడం మరో తిరునాళ్ల. మనిషి టెక్సాస్‌లో, మనీ ఆర్డరు మాత్రం అయోవాలోని డిమోయిన్‌కి వెళ్లాలి, మీద ఎనిమిదంకెల రిజిస్టర్ నంబరు రాసి. ఆ డబ్బుతో మా శాకాహారి ఏం కొన్నాడో తెలుసా? చేపల ప్యాకెట్లు. లోపల నోట్లు చెల్లవు కాబట్టి జుట్టు కత్తిరింపుకీ, బట్టల ఇస్త్రీకీ అవే ఇస్తారట. వాళ్లమ్మకి ఇది మాత్రం నేను చచ్చినా చెప్పను.

ఇంతకీ అసలు సందేహం. శిక్ష పూర్తయిన రోజు మా ఆయన్ని ఇంటికి పంపరు. ఇమిగ్రేషన్ వాళ్లు తీసుకెళ్తారు, తరవాత బహుశా హైదరాబాద్ విమానం. పాప బడి ఇక్కడ, నా ఉద్యోగం ఇక్కడ. ఖైదీగా ఉన్నన్నాళ్లూ కుటుంబానికి 500 మైళ్ల లోపు ఉండాలన్నారు. శిక్ష తీరిన మనిషికి ఎన్ని మైళ్లో ఎక్కడా రాయలేదు. మీకెవరైనా అన్నగారో తమ్ముడుగారో ఉంటే ఆ అడ్రసు ఇప్పించగలరు, వాళ్లకీ ఒక ఉత్తరం రాసుకుంటాను.

ఇట్లు,
మీ లెక్కలో దగ్గరగానే ఉన్న ఒక ఇల్లాలు

తా.క.: వచ్చే వారం టైర్లు మార్పించాలి. అవి కూడా డ్రైవింగ్ మైళ్ల లెక్కనే అరుగుతున్నాయి. బిల్లు ఎవరి పేరు మీద పంపమంటారు?