కాంటా, గిన్నె

పోయిన డిసెంబరులో ఊరికి వెళ్లినప్పుడు పక్కింటి చిన్నమ్మ నన్ను ఒక మాట అడిగింది. "మా ఇంట్ల తింటవా బిడ్డా?" వడ్డించేటప్పుడు కాదు, పొయ్యి వెలిగించకముందే అడిగింది. రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. చిన్నప్పుడు ఆ గోడ దూకి వాళ్లింట్లో సద్ద రొట్టె తిన్నవాణ్ని. అలాంటి ఇంట్లో ఈ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకు తెలుసు.

మాది నల్లగొండ దగ్గర, కనగల్ వైపు. బత్తాయి తోటల సీమ. బత్తాయి అమ్మినవాళ్లకు సూట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను: కాయ మెత్తబడుతుందనీ, దారిలో తూకం తగ్గుతుందనీ చెప్పి వ్యాపారి టన్నుకు ఇన్ని కిలోలని ఉత్తగా తీసుకుంటాడు. ఇది అందరికీ తెలిసిన కోత. తెలియని కోత కాంటా దగ్గర పడుతుంది. ముల్లు ఇంకా ఊగుతుండగానే ఒక అంకె రాసేస్తే ఎండలో నిలబడ్డ రైతు ఏం పట్టుకోగలడు?

మా నాయిన ఒక వ్యాపారి దగ్గర ఆ కాంటా రాసేవాడు. ముల్లు నిలిచేదాకా ఆగి, అంకె గట్టిగా చదివి, రైతు సరే అన్నాకే కాగితం మీద పెట్టేవాడు. సూట్ మాత్రం ఆయన ఆపలేదు. ఆపే చెయ్యి ఆయనది కాదు, అది కూడా ఒప్పుకోవాలి. దొంగ త్రాసు దేవుడికి అసహ్యమని బైబిల్లో సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదట్లోనే ఉంది. ఆ వచనాన్ని ఆయన తోటల్లో ఎవరికైనా చెప్పగా నేను వినలేదు. కొన్నేళ్లకు రైతులు వేరే గుమస్తాలను కూడా నిలదీయడం మొదలుపెట్టారు. "ఆయన గట్టిగ సదువుతడు, నువ్వెందుకు సదువవు?" అని. దానివల్ల ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోలేదు. కాంటా దగ్గర పద్ధతి మాత్రం కొంచెం మారింది.

మన క్రైస్తవ సంఘాల్లో సాక్ష్యం (దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకోవడం) అంటే మైకు. జ్వరం తగ్గింది, వీసా వచ్చింది, ఇల్లు కొన్నాం. చెప్పుకోవద్దని కాదు. గ్రీన్ కార్డు వచ్చినప్పుడు నేనూ చెప్పాను, పాస్టరు గారు గడియారం చూసేదాకా. కానీ సాక్ష్యం అనేది చూసినవాడు చెప్పాల్సింది కదా. మనల్ని రోజూ చూసేది పక్కింటివాళ్లు, కింద పనిచేసేవాళ్లు, మనకు అప్పిచ్చినవాళ్లు. వాళ్లను ఎవరూ మైకు దగ్గరికి పిలవరు.

మా జిల్లాలో సువార్త కథ చెప్పమంటే అందరం 1890 నుంచి మొదలుపెడతాం. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు నల్లగొండలో మిషన్ పెట్టిన సంగతి. పాలమూరు వైపు వెళితే జడ్చర్ల మెనొనైట్ ఆసుపత్రి సంగతి. అయితే ఆ ఆసుపత్రికి పోయొచ్చిన మా ఊరి ముసలివాళ్ల నోట ప్రసంగాల ముచ్చట నేనెప్పుడూ వినలేదు. పుండు కడిగిన నర్సమ్మ ముఖం చిట్లించలేదని చెప్పుకునేవారు. అంటరానివాళ్లని ఊరు దూరంగా నిలబెట్టిన మనుషులకు అదెంత పెద్ద సంగతో వేరే చెప్పాలా? ఆ మనుషుల పిల్లలమే మనలో చాలామందిమి. అయినా ఆదివారం ఒకే రొట్టె విరిచి, సోమవారం పెళ్లి సంబంధం దగ్గర 'మనోళ్లేనా' అని అడుగుతాం. అమెరికా వచ్చినా అడుగుతున్నాం. ఇది బయటివాళ్లకు తెలియదనుకుంటే అంతకన్నా అమాయకత్వం లేదు.

ఇక గిన్నె సంగతి. ఒక ఏడు పక్కింటి కాక దర్వేశిపురం ఎల్లమ్మకు మొక్కు తీర్చుకుని యాటను కోశాడు. చిన్నమ్మ గిన్నె నిండా కూర తెచ్చింది. నాయిన వాకిట్లోనే ఆపాడు. "విగ్రహాలకు పెట్టింది మా గడప దాటొద్దు" అన్నాడు. వీధిలో నలుగురూ విన్నారు. చిన్నమ్మ కొంగు కప్పుకుని ఆ గిన్నె అలాగే తీసుకెళ్లింది.

అర్పించిన మాంసం తినొచ్చా లేదా అని కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో పెద్ద చర్చే ఉంది. మనస్సాక్షి ఒప్పుకోనివాడు తినకపోవచ్చు, దాని జోలికి నేను పోను. నా తగువు వాకిలితోనే. పక్కకు పిలిచి నెమ్మదిగా చెబితే, ఆ గిన్నెలో నాలుగు బత్తాయిలు వేసి పంపితే, అదే నమ్మకం అంతే గట్టిగా ఉండేది. పొరుగింటి గిన్నెను ఉత్తగా పంపని ఊరు మాది. పైగా మా క్రిస్మస్ బిర్యానీ వాళ్లు ఏటా తిన్నారు. దాని మీద ఏం ప్రార్థన చేశారని ఒక్కసారీ అడగలేదు.

ఇక్కడ అమెరికాలో బతుకమ్మకో ఉగాదికో కలిసినప్పుడు పూజ అయ్యేదాకా మనవాళ్లు కొందరు పార్కింగ్‌లో కార్లలో కూర్చుంటారు. దాన్ని తప్పు పట్టేవాళ్లను నేను చూడలేదు. సరిగ్గా భోజనాలకు లోపలికొచ్చి, కుర్చీలు మడిచే వేళకు మాయమైతేనే చూపులు మారతాయి. పూజలో నిలబడని ఒక కుటుంబం మా దగ్గర ఉంది. హాలు తెరిచేది వాళ్లే, ఆఖరి చెత్త సంచి మోసేదీ వాళ్లే. వాళ్లు రావడం ఆలస్యమైతే కమిటీకి టెన్షన్. వాళ్లు పూజకు ఎందుకు నిలబడరని ఎవరూ గుసగుసలాడగా నేను వినలేదు.

చిన్నమ్మ ఇంట్లో ఆ రోజు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. కాక కాంటా రోజుల ముచ్చట తీశాడు. "మీ నాయిన కాంటకాడ ఉన్నడంటే మేం తోటకు పోకపోయేది" అన్నాడు. కాసేపాగి, "ఆ ఎల్లమ్మ కూర నాడు మాత్రం మస్తు బాధైంది" అన్నాడు. రెండూ ఒకే గొంతుతో.

రాత్రి ఇంటికొచ్చి నాయినకు చెప్పాను. ఆయనకిప్పుడు వినపడడం తగ్గింది, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మాట్లాడలేదు. నిద్రపోయాడనుకుని లైటు తీసేశాను.

"ఇత్తడి గిన్నె" అన్నాడు చీకట్లో. "మూత గూడ ఉండె."