గురి చెప్పేవాడి ధైర్యం

గుత్తి కోట పైన, కొండ అంచున, ఒకప్పుడు గుత్తిని ఏలిన మరాఠా పాలకుడు మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మండపం ఉంది. అక్కడి నుంచి కింద కనిపించే రైలుపట్టాలు ఎంత దూరమో చెప్పమంటే, అనంతపురం నుంచి వెళ్లిన మా నలుగురం నాలుగు లెక్కలు చెప్పాం. కాల్పులు లేని ప్రశాంతమైన మధ్యాహ్నంలోనే కంటికి దూరం చిక్కలేదు. ఆ లెక్కను తూటాల మధ్య చెప్పాల్సినవాడు ఆర్టిలరీకి, అంటే ఫిరంగి దళానికి చెందిన ఫార్వర్డ్ అబ్జర్వేషన్ ఆఫీసర్.

ఫిరంగులు వెనుక ఎక్కడో, లక్ష్యం కనిపించని చోట ఉంటాయి. ఈ అధికారి పదాతిదళ కంపెనీ కమాండర్ వెంటే నడుస్తూ శత్రువున్న చోటును వైర్‌లెస్‌లో చెబుతాడు. మొదటి షెల్ ఎక్కడ పేలిందో చూసి, ఇంత ఎడమకు, ఇంత ముందుకు అని సవరిస్తాడు. అది చూడాలంటే మిగతావాళ్లు తల దించుకున్న క్షణంలో తాను తల ఎత్తక తప్పదు. కొండల్లో ఇది మరీ కష్టం. శిఖరం మీదుగా కాస్త ఎగువన పోయిన షెల్ అవతలి లోయలో పడుతుంది. కాస్త తగ్గితే పైకి ఎక్కుతున్న మనవాళ్ల మీదే పడుతుంది.

1999లో కార్గిల్‌లో 155 ఎంఎం బోఫోర్స్ పేరు ఊరూరా వినిపించింది. ద్రాస్‌లోని 5140 శిఖరానికి 2022లో గన్ హిల్ అని పేరు పెట్టారు. పేరైతే ఫిరంగికి దక్కింది కానీ, ఇప్పటిదాకా పరమవీర చక్ర పొందిన 21 మందిలో ఆర్టిలరీ వాళ్లు ఒక్కరూ లేరు. ఇది పక్షపాతమని నేననను. శిఖరం మీద జెండా పాతినవాడు అందరి కంటా పడతాడు. వైర్‌లెస్‌లో నాలుగు అంకెలు చెప్పినవాడి సాహసం ఆ గెలుపులోనే కలిసిపోతుంది.

ఇలాగే గురి చెప్పే అధికారి, నల్లజాతికి చెందిన అమెరికా లెఫ్టినెంట్ జాన్ ఫాక్స్‌కు గుర్తింపు రావడానికి చర్మం రంగు కూడా అడ్డొచ్చింది. 1944 డిసెంబర్ 26న ఇటలీలోని సొమ్మొకొలోనియా నుంచి మిగతా దళం వెనక్కి తగ్గుతుంటే, ఆయన ఒక ఇంటి పై అంతస్తులో ఉండిపోయి షెల్లింగును అంతకంతకూ దగ్గరకు రప్పించారు. జర్మన్లు చుట్టుముట్టాక తానున్న ఇంటినే లక్ష్యంగా చెప్పారు. వైర్‌లెస్‌కు అవతల ఉన్నది ఫాక్స్ స్నేహితుడే, ఆ స్నేహితుడు తటపటాయించారు. ఫాక్స్ మళ్లీ కాల్చమనే చెప్పారు. ఆ ఊరు తిరిగి చేతికొచ్చాక, ఆయన మృతదేహం చుట్టూ వంద మంది దాకా జర్మన్ సైనికుల శవాలు కనిపించాయి. అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్‌ను ఆయనకు 1997లో గానీ ప్రకటించలేదు. దాన్ని ఆయన భార్య అందుకున్నారు.